పెన్సిలిన్ పునాది: ముడి ఔషధాల దేశీయ తయారీ, దాని క్షీణత, పునరుద్ధరణ

భారతదేశంలో మందుల తయారీ చరిత్రను సాధారణంగా ఎదుగుదల కథగానే రాస్తారు. స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశకాల్లో అత్యవసర మందులకు విదేశీ కంపెనీల మీద ఆధారపడిన దేశం శతాబ్దాంతానికి ఆఫ్రికాకూ అమెరికాకూ మందులు ఎగుమతి చేసే స్థితికి చేరింది. ఆ ప్రయాణంలో హైదరాబాదు నగరం ముడి ఔషధాల కేంద్రంగా పేరు తెచ్చుకుంది. ఈ కథనంలో అబద్ధమేమీ లేదు. అయితే అదే కాలంలో, అదే పరిశ్రమ అడుగు భాగంలో, ఇందుకు పూర్తిగా వ్యతిరేక దిశలో మరొక చరిత్ర నడిచింది. 1955 నుంచి స్వదేశంలోనే తయారైన పెన్సిలిన్ మూల పదార్థం క్రమంగా దిగుమతి సరకుగా మారి, దాన్ని తయారుచేసే కర్మాగారాలు ఒకదాని వెనుక ఒకటి మూతబడి, చివరకు 2024లో ఆంధ్రప్రదేశ్ తీరంలో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ఒక పరిశ్రమ పైకి ఎదుగుతూనే కింద ఎలా డొల్లగా మారగలదో, అలా పోయినదాన్ని తిరిగి నిలబెట్టడానికి ఏమేమి కావాలో తెలుసుకోవడానికి పెన్సిలిన్ కథను మించిన ఉదాహరణ దొరకదు.

ఈ చరిత్ర అర్థం కావాలంటే మందు తయారీలోని అంచెలను ముందుగా వేరుచేసి చూడాలి. రోగి చేతికి వచ్చే మాత్రనో గొట్టాన్నో సూదిమందునో పరిశ్రమలో ఫార్ములేషన్ అంటారు. అందులో జబ్బు మీద పనిచేసే అసలు రసాయనాన్ని ముడి ఔషధమనీ బల్క్ డ్రగ్ అనీ అంటారు. ముడి ఔషధానికి ముందు దశలో ఉండే పదార్థాలు ఇంటర్మీడియెట్లు, అంటే మధ్యస్థ రసాయనాలు; వాటికీ మూలమైనవి ప్రారంభ పదార్థాలు. ముడి ఔషధాలు రెండు దారుల్లో తయారవుతాయి. ఒకటి రసాయన సంశ్లేషణ: ఒక రసాయనాన్ని మరొక దానితో చర్య జరిపించి, అంచెలంచెలుగా కావలసిన అణువును కట్టుకుంటూ పోవడం. రెండవది కిణ్వనం, పరిశ్రమ భాషలో ఫెర్మెంటేషన్: బూజునో సూక్ష్మజీవినో పెద్ద పెద్ద ట్యాంకుల్లో పెంచి, అది తన జీవక్రియలో భాగంగా విడుదల చేసే పదార్థాన్ని వడగట్టి శుద్ధి చేయడం. జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ మొదటి దారిలో వస్తే, పెన్సిలిన్ రెండవ దారిలో వస్తుంది. భారతీయ ఔషధ పరిశ్రమ మొదటి దారిలో ముందుకు సాగి రెండవ దారిని చాలావరకు వదులుకుంది.

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో గుర్తించిన పెన్సిలిన్‌ను మందుగా మార్చినది 1940వ దశకం ఆరంభంలో ఆక్స్‌ఫర్డ్‌లో ఫ్లోరీ, చెయిన్ బృందం జరిపిన కృషి అయితే, దాన్ని సామాన్యుడికి అందే సరకుగా మార్చినది రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో రూపొందిన లోతు ట్యాంకుల కిణ్వన పద్ధతి. ఉపరితలం మీద తెట్టులా పెరిగే బూజును వేల లీటర్ల ద్రవంలో మునిగి పెరిగేలా చేయడం, దానికి ఆహారంగా పంచదార పదార్థాలనూ మొక్కజొన్న నానబెట్టగా మిగిలిన ద్రవాన్నీ వాడడం, సూక్ష్మజీవులు లేని శుభ్రమైన గాలిని రాత్రింబవళ్ళు ట్యాంకులోకి పంపుతుండడం ఈ పద్ధతిలోని ముఖ్యాంశాలు. ఒక్క విడత పూర్తికావడానికి రోజుల తరబడి పడుతుంది; ఈలోగా కరెంటు పోయినా, ఆవిరి తగ్గినా, పరాయి సూక్ష్మజీవి ఒకటి ట్యాంకులో చేరినా ఆ విడత మొత్తం పారబోయవలసిందే. కాబట్టి ఈ తయారీలో లాభనష్టాలను నిర్ణయించేవి బూజు జాతి ఇచ్చే దిగుబడి, విద్యుత్తు, ఆవిరి, పంచదార పదార్థాల ధర, కర్మాగారం పరిమాణం. ఇలా తయారైన పెన్సిలిన్-జి నేరుగా మందుగా వాడడం కంటే, ఎంజైమ్ సాయంతో 6-ఏపీఏ అనే మధ్యస్థ రసాయనంగా మార్చి, దాని నుంచి ఆంపిసిలిన్, అమాక్సిసిలిన్ వంటి మందులను తయారుచేయడానికే ఎక్కువగా ఉపయోగపడుతుంది. ఊరి మందుల దుకాణంలో దొరికే అమాక్సిసిలిన్ గొట్టానికి తల్లివేరు ఈ ట్యాంకుల్లోనే ఉంది.

స్వతంత్ర భారతదేశం ఈ తల్లివేరు విలువను ముందే గుర్తించింది. బొంబాయి హాఫ్‌కిన్ సంస్థకు డైరెక్టరుగా పనిచేసిన సాహిబ్ సింగ్ సోఖీ వంటి శాస్త్రవేత్తలు, ప్రాణాధారమైన మందుల తయారీ ప్రభుత్వ రంగంలో ఉండాలనీ, దిగుమతి చేసుకున్న పొడిని సీసాల్లో నింపి అమ్మడాన్ని తయారీ అనరాదనీ వాదించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్‌ల సాయంతో పుణె దగ్గర పింప్రిలో 1954లో హిందుస్తాన్ యాంటీబయాటిక్స్ సంస్థ ఏర్పడి, మరుసటి ఏడాది నుంచి పెన్సిలిన్ ఉత్పత్తి మొదలుపెట్టింది. అప్పటికి కొద్ది ఏళ్ళ ముందే, 1948లో, అమెరికాలోని లెడర్లీ సంస్థ నుంచి ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ వెలువడినప్పుడు అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ప్రతిభ ఉన్నవాళ్ళు ఈ నేల మీద పుట్టడం వేరనీ, ఆ ప్రతిభ పనిచేయడానికి కావలసిన ట్యాంకులూ పరిశోధనాగారాలూ ఈ నేల మీద ఉండడం వేరనీ ఆనాటి విధానకర్తలు గ్రహించారనడానికి పింప్రి కర్మాగారమే సాక్ష్యం.

రెండవ అడుగు 1961లో సోవియట్ యూనియన్ సాంకేతిక సాయంతో ఏర్పడిన ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ లిమిటెడ్, అంటే జనం నోట ఐడీపీఎల్. దీని కింద రిషీకేశ్‌లో యాంటీబయాటిక్స్ కర్మాగారం, హైదరాబాదు బాలానగర్‌లో సంశ్లేషణ మందుల కర్మాగారం, మద్రాసులో శస్త్రచికిత్స పరికరాల కర్మాగారం నెలకొన్నాయి. ఈ కేటాయింపు తరువాతి చరిత్రను చాలావరకు నిర్ణయించింది. కిణ్వన విద్య రిషీకేశ్‌కు, పింప్రికి చాలావరకు పరిమితమైంది. 1967లో ఉత్పత్తి ప్రారంభించిన బాలానగర్ కర్మాగారం సల్ఫా మందులు, విటమిన్లు, నొప్పి తగ్గించే మందులు తయారుచేస్తూ, సంశ్లేషణలో ఆరితేరిన ఒక తరం రసాయనవేత్తలనూ ఇంజనీర్లనూ తెలుగు నేల మీద తయారుచేసింది. అదే నగరంలో 1944 నుంచి నడుస్తూ, తరువాత ప్రాంతీయ పరిశోధనాలయంగానూ ఆపైన భారతీయ రసాయన సాంకేతిక సంస్థగానూ పేరు మార్చుకున్న ప్రయోగశాల వీరికి తోడైంది.

ఈ శిక్షణకు అవకాశం కల్పించినది పేటెంటు చట్టం. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా రూపొంది, 1970లో ఆమోదం పొంది, 1972లో అమలులోకి వచ్చిన చట్టం మందుల విషయంలో వస్తువు మీద పేటెంటును తొలగించి, తయారీ పద్ధతి మీద మాత్రమే, అదీ కొద్దికాలానికే, హక్కు కల్పించింది. మరొక పద్ధతిలో అదే మందును తయారుచేయగలిగినవాడికి తలుపులు తెరుచుకున్నాయి. 1978 నాటి ఔషధ విధానం ఫార్ములేషన్లు అమ్ముకునే కంపెనీలు ఒక నిష్పత్తిలో ముడి ఔషధాలను కూడా తయారుచేయాలని నిర్దేశించింది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటకు వచ్చిన కల్లం అంజిరెడ్డి మొదట ఇతర భాగస్వాములతో ముడి ఔషధాల కంపెనీలు నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ స్థాపించారు. ఆయన బాటలోనే బాలానగర్‌లో పని నేర్చుకున్న ఎందరో జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు పారిశ్రామికవాడల్లో చిన్నా పెద్దా రియాక్టర్లు బిగించుకుని ముడి ఔషధాల వ్యాపారంలోకి దిగారు.

ఈ ఎదుగుదలలోనే క్షీణతకు బీజం కూడా ఉంది. సంశ్లేషణ కర్మాగారాన్ని చిన్నగా మొదలుపెట్టవచ్చు: కొన్ని రియాక్టర్లు, ఒక బాయిలరు, నమ్మకమైన రసాయనవేత్త ఉంటే, ఈ ఏడాది ఒక మందు, వచ్చే ఏడాది మరొక మందు తయారుచేసుకుంటూ మార్కెట్టు ఎటు తిరిగితే అటు తిరగవచ్చు. కిణ్వన కర్మాగారంలో ఈ వెసులుబాటు లేదు. అది మొదటి రోజు నుంచే భారీగా ఉండాలి, సంవత్సరాల తరబడి ఒకే సరకు మీద నిలబడాలి, లాభం లేని ఏళ్ళలో కూడా బూజు జాతిని మెరుగుపరిచే పరిశోధన ఆపకూడదు. ప్రైవేటు పెట్టుబడి సహజంగానే మొదటి దారిని ఎంచుకుంది. రెండవ దారి భారం చాలావరకు ప్రభుత్వ సంస్థల మీదే మిగిలింది. ఆ సంస్థలేమో ఒకవైపు ధరల నియంత్రణతో, మరొకవైపు అధిక సిబ్బందితో, కాలం గడిచేకొద్దీ వెనుకబడిన సాంకేతికతతో కుంగిపోతూ వచ్చాయి. 1992లో ఐడీపీఎల్ రుగ్ణ పరిశ్రమల బోర్డు ముందుకు చేరింది. 1996లో దాని ప్రధాన కర్మాగారాల్లో ఉత్పత్తి నిలిచిపోయింది. బాలానగర్ ప్రాంతంలో నేటికీ ఐడీపీఎల్ పేరు ఒక కాలనీకి ఉంది, కానీ ఆ పేరు మోసిన కర్మాగారం నడవడం లేదు.

పొరుగున చైనా చరిత్ర సరిగ్గా ఇదే చోట మొదలై మరొక దారి పట్టింది. హెబెయ్ రాష్ట్రంలోని షిజియాజువాంగ్‌లో సోవియట్ సాయంతోనే కట్టిన ఉత్తర చైనా ఔషధ కర్మాగారం 1958లో పెన్సిలిన్ ఉత్పత్తి ప్రారంభించింది. అంటే పింప్రిని పక్కనపెడితే, రెండు దేశాలూ ఒకే గురువు దగ్గర, దాదాపు ఒకే కాలంలో ఈ విద్య నేర్చుకున్నాయి. తేడా తరువాతి దశకాల్లో వచ్చింది. చైనా తన కర్మాగారాన్ని మొక్కజొన్న విస్తారంగా పండే ప్రాంతంలో, పిండి పదార్థాల తయారీని పక్కనే పెట్టుకుని కట్టింది. బొగ్గు నుంచి చౌకగా ఆవిరి, విద్యుత్తు అందించింది. స్థానిక ప్రభుత్వాలు భూమి, అప్పు సమకూర్చాయి. ఎగుమతుల మీద పన్ను తిరిగి చెల్లించారు. ఒక కర్మాగారం నిలదొక్కుకున్న తరువాత మరిన్ని రాష్ట్రాల్లో అవే కర్మాగారాలు వెలిసి, తమలో తాము పోటీపడుతూ దిగుబడిని పెంచుకున్నాయి. 1990వ దశకానికి వచ్చేసరికి ప్రపంచంలో ఎవరూ అందుకోలేని పరిమాణంలో, ఎవరూ ఇవ్వలేని ధరకు చైనా పెన్సిలిన్-జి అమ్మగలిగింది.

సరిగ్గా ఆ సమయంలోనే భారతదేశం తలుపులు తెరిచింది. 1991 సంస్కరణల తరువాత దిగుమతి సుంకాలు క్రమంగా తగ్గాయి. 1994లో సవరించిన ఔషధ విధానం ముడి ఔషధాల్లో చాలావాటికి లైసెన్సు అవసరాన్ని తొలగించింది. 2001 చివరలో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది. అప్పటికే ప్రైవేటు రంగంలో టొరెంట్, స్పిక్ వంటి సంస్థలు ధైర్యం చేసి పెన్సిలిన్-జి కర్మాగారాలు కట్టాయి. వాటి పరిమాణం చైనా కర్మాగారాలతో పోలిస్తే చిన్నది, అవి చెల్లించే వడ్డీ, విద్యుత్తు ధర ఎక్కువ. చైనా ధర పడిన ప్రతిసారీ ఈ కర్మాగారాలు నష్టాల్లో కూరుకుని, చివరకు ఉత్పత్తి ఆపివేశాయి. దిగుమతి చేసుకున్న పెన్సిలిన్-జి, 6-ఏపీఏల నుంచి అమాక్సిసిలిన్ తయారుచేసేవారికి మాత్రం ఇది మేలు చేసింది. చౌకగా దొరికే మూల పదార్థం మీద వారి వ్యాపారం పెరిగింది. దేశంలోని పరిశ్రమలో ఒక భాగం కన్నీళ్ళు మరొక భాగానికి లాభంగా మారిన చోట, రక్షణ సుంకాలు కోరే గొంతు ఎప్పుడూ ఒంటరి గొంతుగానే మిగిలింది.

అరబిందో ఫార్మా ప్రయాణం ఈ మార్పు మొత్తానికి అద్దం పడుతుంది. 1986లో పి.వి. రాంప్రసాద్ రెడ్డి, కె. నిత్యానంద రెడ్డి స్థాపించిన ఈ సంస్థ పుదుచ్చేరిలో అర్ధ సంశ్లేషిత పెన్సిలిన్ల తయారీతో మొదలైంది. అర్ధ సంశ్లేషితం అంటే కిణ్వనంలో పుట్టిన మూలానికి రసాయన చర్యతో కొత్త తోక తగిలించినది. మూలం కోసం బయటివారి మీద ఆధారపడడం కంటే మూలం పుట్టే చోటికే పోవడం మేలని, సంస్థ చైనాలోని దాతోంగ్ నగరంలో పెన్సిలిన్-జి, 6-ఏపీఏ కర్మాగారం నెలకొల్పి కొన్నేళ్ళు నడిపి, ఆ తరువాత మెజారిటీ వాటాను చైనా సంస్థకు అమ్మింది. తెలుగువారు స్థాపించిన ఒక సంస్థకు పెన్సిలిన్ తయారుచేయగల సత్తా ఉన్నా, అప్పటి పరిస్థితుల్లో ఆ పని స్వదేశంలో కంటే చైనాలో చేయడమే లాభసాటిగా కనిపించిందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. కొరవడినవి అనువైన విద్యుత్తు, అనువైన అప్పు, అనువైన పరిమాణం తప్ప నైపుణ్యం కాదు.

క్షీణతను ధర కోణంలో మాత్రమే చూస్తే పర్యావరణం చాటున పడుతుంది. ముడి ఔషధాల ఎదుగుదలకు హైదరాబాదు శివార్లు చెల్లించిన మూల్యం చిన్నది కాదు. పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో చెరువులూ నక్కవాగూ కలుషితమై, 1990లోనే ఆ వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 2007లో వెలువడిన స్వీడన్ పరిశోధకుల అధ్యయనం పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్టు చూపి, మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టే ప్రమాదం వైపు ప్రపంచం దృష్టిని మళ్ళించింది. కాలుష్య భారం ఎక్కువగా ఉండే మూల రసాయనాలను చైనా తయారుచేస్తుంటే, ఆ భారం అక్కడే ఉండనిచ్చి శుద్ధమైన దశలను ఇక్కడ చేసుకోవడంలో ధనిక దేశాలు ఒకప్పుడు చేసిన లెక్కే ఉంది. ఆ లెక్క తప్పిన సందర్భాలు తరువాత వచ్చాయి: 2008 బీజింగ్ ఒలింపిక్స్ వేళ, ఆపైన కాలుష్య నియంత్రణ బిగించిన ప్రతిసారీ చైనా కర్మాగారాలు ఆగి, భారతీయ కొనుగోలుదారులు పెరిగిన ధరను మారు మాట లేకుండా చెల్లించవలసి వచ్చింది.

ఆ సమయానికి విలువలో చూస్తే దేశం దిగుమతి చేసుకునే ముడి ఔషధాలు, మధ్యస్థ రసాయనాల్లో సుమారు మూడింట రెండు వంతులు చైనా నుంచే వస్తున్నాయి. పెన్సిలిన్ మూలం విషయంలో ఆధారం దాదాపు సంపూర్ణం. వి.ఎం. కటోచ్ అధ్యక్షతన ప్రభుత్వం నియమించిన సంఘం 2015లో ఈ ప్రమాదాన్ని వివరించి, ముడి ఔషధాలకు ప్రత్యేక పార్కులు, చౌకగా విద్యుత్తు, ఉమ్మడి వ్యర్థ జలాల శుద్ధి కేంద్రాలు కావాలని సూచించింది. ప్రభుత్వం ఆ సంవత్సరాన్ని ముడి ఔషధాల సంవత్సరంగా ప్రకటించింది కూడా. ప్రకటన పని రూపం దాల్చడానికి మాత్రం ఒక మహమ్మారి అవసరమైంది. కోవిడ్ వల్ల చైనాలోని వూహాన్ నగరం మూతబడిన వారాల్లో, 2020 మార్చి 3న, పారాసిటమాల్ సహా 26 ముడి ఔషధాలు, వాటి మందుల ఎగుమతిని భారత ప్రభుత్వం పరిమితం చేసింది. ప్రపంచానికి మందులు అమ్మే దేశం తన సరకును తానే ఆపుకోవలసి రావడం, పరిశ్రమ పునాది ఎంత పలుచనైందో అందరికీ కనబడేలా చేసింది.

అదే నెలలో కేంద్ర మంత్రివర్గం 6,940 కోట్ల రూపాయలతో ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకాన్ని, 3,000 కోట్లతో మూడు బల్క్ డ్రగ్ పార్కుల పథకాన్ని ఆమోదించింది. ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం అంటే కర్మాగారం కట్టినందుకు కాక, తయారై అమ్ముడైన సరకు విలువలో కొంత శాతాన్ని ప్రభుత్వం తిరిగి ఇవ్వడం. ఇందులో కిణ్వన ఉత్పత్తులకు మొదటి నాలుగేళ్ళు 20 శాతం, ఐదవ ఏడు 15, ఆరవ ఏడు 5 శాతం కాగా, సంశ్లేషణ ఉత్పత్తులకు ఆరేళ్ళూ 10 శాతమే. పోయినదేదో, తిరిగి తెచ్చుకోవడం దేనికి కష్టమో ఈ తేడాలోనే స్పష్టం. అరబిందో అనుబంధ సంస్థ లైఫియస్ ఈ పథకం కింద కాకినాడ జిల్లా తొండంగి మండలంలో సంవత్సరానికి 15,000 టన్నుల సామర్థ్యంతో పెన్సిలిన్-జి కర్మాగారం కట్టగా, 2024 అక్టోబరు 29న ప్రధానమంత్రి దాన్ని దూరదృశ్య పద్ధతిలో ప్రారంభించారు. గుజరాత్, హిమాచల్ ప్రదేశ్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్‌కు దక్కిన పార్కుకు అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది.

ఈ పునరుద్ధరణ నిలుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు ప్రారంభోత్సవాల్లో దొరకదు. కర్మాగారాన్ని డబ్బుతో, కొన్నేళ్ళలో కట్టవచ్చు. తెగిపోయిన విద్యా పరంపరను అంత త్వరగా అతికించలేము. బూజు జాతి పెరుగు తోడు వంటిది: ఇంట్లో తోడు ఒకసారి పోగొట్టుకున్నవారు పొరుగింటి నుంచి అడిగి తెచ్చుకోవాలి, ఆ తరువాత దాన్ని ఏ రోజూ తప్పకుండా కాపాడుకోవాలి. చైనా కర్మాగారాలు దశాబ్దాలుగా దిగుబడి పెంచుకుంటూ వచ్చిన జాతులతో పోటీపడాలంటే, ఇక్కడి ప్రభుత్వ పరిశోధనాలయాలూ విశ్వవిద్యాలయాలూ కిణ్వన శాస్త్రాన్ని మళ్ళీ ప్రధాన విద్యగా తీసుకోవాలి. లేకపోతే కాకినాడ ట్యాంకులు ఇతరుల విద్యతోనే నడుస్తాయి.

ధర సమస్య అంతకంటే కఠినమైనది. కొత్త కర్మాగారం ఉత్పత్తి మొదలుపెట్టిన వెంటనే విదేశీ విక్రేతలు ధర తగ్గిస్తే, 1990ల చరిత్ర పునరావృతం కావడానికి అడ్డేమీ ఉండదు. ప్రోత్సాహకం ఆరేళ్ళకు ముగుస్తుంది. ఆ తరువాత కర్మాగారాన్ని నిలబెట్టవలసింది కొనుగోలుదారు. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ఫార్ములేషన్ గరిష్ఠ ధరను కట్టడి చేసినా ముడి ఔషధం ధరను వదిలేసింది కనుక, అమాక్సిసిలిన్ తయారీదారు చౌకగా దొరికే మూలం వైపు మొగ్గడం సహజం. ప్రభుత్వ ఆసుపత్రుల కొనుగోళ్ళలో స్వదేశీ మూలంతో తయారైన మందుకు కొంత ప్రాధాన్యం ఇవ్వడం, నిర్ణీత పరిమాణానికి దీర్ఘకాలిక కొనుగోలు ఒప్పందాలు కుదుర్చుకోవడం, అవసరమైనప్పుడు దిగుమతికి కనీస ధర విధించడం ఇందుకు సాధనాలు. ఇవన్నీ మందుల ఖర్చును ఎంతో కొంత పెంచుతాయి. ఆ పెరుగుదలను బీమా కిస్తీలా ప్రజాధనం నుంచి భరించాలే తప్ప రోగి జేబు నుంచి కాదు.

మూడవ షరతు పర్యావరణం. తొండంగి తీరంలో మందుల కర్మాగారాల వ్యర్థ జలాలు సముద్రంలో కలుస్తాయన్న భయంతో మత్స్యకారులూ రొయ్య పిల్లల కేంద్రాలవారూ 2020లోనే ఆందోళనకు దిగారు. పటాన్‌చెరు అనుభవం ఉన్న రాష్ట్రాల్లో ఈ భయాన్ని అభివృద్ధికి అడ్డంకిగా కొట్టిపారేయడం చరిత్ర తెలియనితనం అవుతుంది. శుద్ధి ఖర్చును కర్మాగారం ఖర్చులో మొదటి నుంచే కలిపి లెక్కించినప్పుడే ఆ సరకు అసలు ధర తేలుతుంది. ఆ ఖర్చును తీరప్రాంత ప్రజల మీదికి నెట్టి సంపాదించే పోటీశక్తి పోటీశక్తి కాదు.

పెన్సిలిన్ చరిత్ర మొత్తాన్ని కలిపి చూస్తే దేశీయ తయారీ క్షీణించడానికి కారణం అసమర్థత ఒక్కటే కాదనీ, చౌకగా దొరికే సరకును ఎందుకు తయారుచేయాలన్న ప్రశ్నకు అప్పటి విధానం దగ్గర జవాబు లేకపోవడమే అసలు కారణమనీ తెలుస్తుంది. పింప్రిలో తొలి ట్యాంకులు నెలకొల్పినవారి దగ్గర ఆ జవాబు ఉంది: కొన్ని పదార్థాల విలువ వాటి ధరలో కాక, అవి దొరకని రోజున జరిగే నష్టంలో ఉంటుంది. పునరుద్ధరణ విజయాన్ని టన్నుల సామర్థ్యంతోనో ప్రారంభించిన కర్మాగారాల సంఖ్యతోనో కొలిస్తే సరిపోదు. దిగుమతి సరకు స్వదేశీ సరకు కంటే చౌకగా దొరికే సంవత్సరంలో కూడా దేశంలోని మందుల తయారీదారులు కాకినాడ పెన్సిలిన్‌ను కొంటున్నారా లేదా అన్నదే ఆ కొలత. ప్రోత్సాహకాల గడువు తీరిన తరువాత, 2030వ దశకంలో, ఆ కొలతకు నిలబడినప్పుడే ఈ పరిశ్రమ పునాది తిరిగి పడిందని చెప్పవచ్చు.